డబ్బా మీద రాయనిది

మా ఆడపడుచుకి నా నడుము మీద ఉన్న శ్రద్ధలో వీసమెత్తు తన చదువు మీద ఉండి ఉంటే ఈపాటికి ప్రొఫెసరయ్యేది, పాపం, ఇప్పుడు సన్నబడే పొడి అమ్ముతోంది, సోఫాలో కూర్చుని కొత్త డబ్బాని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది, అసలు పసిబిడ్డ నా ఒళ్లో ఉంది, పాలు తాగుతూనే గుడ్లగూబలా కళ్లు తెరిచి చూస్తోంది, కడుపు నిండగానే రెప్పలు వాల్చేసే పిల్ల మొన్నటి నుంచీ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతోంది, ఉలిక్కిపడుతోంది, ఎందుకని, నేను ఆ పొడి తాగడం మొదలుపెట్టిందీ మొన్నే కదా, కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే అయినంత మాత్రాన కాకిదే తప్పంటామా, అయినా కాకిని ఒకసారి అడిగితే పోయేదేముంది, ఇందులో ఏముందమ్మాయ్, అంతా ఆకులే వదినా, మందు కాదు, ఏమీ కాదు, ఉమ్మెత్తా ఆకే కదమ్మా, అబ్బ, నీతో వాదించలేం వదినా, డబ్బా లాక్కుని తిప్పి చూస్తే నోరు తిరగని పేర్లతో ఏవో ఆకుల సారం, ఏవో గింజల సారం, ప్రత్యేక మిశ్రమం, ఏది ఎంతో లేదు, పాలిచ్చే తల్లుల గురించి మంచీ లేదు, చెడ్డా లేదు, మూత మీద మాత్రం ఒక సన్నజాజి లాంటి అమ్మాయి నవ్వుతోంది, పిల్లల్ని కన్న మొహంలా లేదు.

నువ్వెప్పుడైనా తాగావా, నాకెందుకు వదినా, నేను సన్నగానే ఉన్నాగా, ఓహో, వండినవాళ్లు రుచి చూడకుండా వడ్డిస్తున్నారన్నమాట, దానికి రోషం వచ్చింది, ఇప్పుడే తాగి చూపిస్తానని వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు కలుపుకుని గటగటా తాగేసింది, నేను పిల్లల డాక్టరుకి ఫోన్ చేశాను, ఆవిడ డబ్బా మీదవన్నీ పేరు పేరునా చదివించుకుని, ఆ గింజల సారంలో కాఫీలో ఉండే కెఫీనే ఉంటుందమ్మా, అది పాలలోకి వెళ్తుంది, ఇంత చిన్న పిల్లల ఒంట్లోంచి తొందరగా పోదు, మిగతా మిశ్రమమేమిటో నాకూ తెలియదు, తెలియనిది తాగొద్దు, ఆపేయండి, పాలు మాత్రం మానొద్దు, సాయంత్రం పిల్లని తీసుకురండి, డబ్బా కూడా, అంది, తెలియదు అనే మాట ఇంత ధైర్యమిస్తుందని నాకు తెలియదు, ఇన్నాళ్లూ తెలుసు అన్నవాళ్ల మాటే విన్నాను.

ఫోన్ పెట్టి చూద్దును కదా, మా ఆడపడుచు బల్ల తుడిచేసింది, చెప్పులన్నీ వరసగా పేర్చింది, పుట్టి బుద్ధెరిగాక ఈ ఇంట్లో పుల్ల తీసి అటు పెట్టని పిల్ల, ఏమైందే, ఏమో వదినా, గుండె దడదడలాడుతోంది, చేతులు చూడు, వణుకుతున్నాయి, సరే కూర్చో, మంచినీళ్లు తాగు, తగ్గకపోతే నిన్నూ చూపిద్దాం, అది కూర్చోలేదు, నా ఒళ్లో పిల్ల గుప్పెడంత ఛాతీ కేసి చూస్తూ నిలబడిపోయింది, నేనూ చూశాను, నా గ్లాసు, నా నడుము, నా ఇష్టం అనుకున్నాను గానీ నేను గ్లాసెత్తినప్పుడల్లా నేనూ పిల్లా ఇద్దరం తాగుతున్నాం, అందులో ఒకరికి వద్దనడం రాదు, అప్పుడు మా ఆడపడుచు, జన్మలో ఎవరి మాటకీ తగ్గనిది, పిల్ల పాదం పట్టుకుని పైకే అనేసింది, తప్పు నాదే వదినా, నాకేమీ తెలియకుండానే ఏం కాదని చెప్పేశాను.