నీళ్ల పడుగు

ఇత్తడి పంపు విప్పి, ముక్కలన్నీ గోనెసంచి మీద పేర్చుకున్నాడు సిద్దిరాములు. నల్గొండలో వకీలు సాబు నల్లకారు కడిగే పంపు అది. బకెట్‌లో నిలబెట్టి పిడి ఆడిస్తే రబ్బరు గొట్టం మూతిలోంచి నీళ్లు చిమ్ముతాయి. అక్కడి ఉప్పునీళ్లకు మూతి బెజ్జాల్లో తెల్లగా సున్నం పేరుకుంటుంది. అందుకే ఆదివారం వస్తే చాలు, సామానంతా సైకిల్‌కు కట్టుకుని పానగల్లు ఇంటికి తెచ్చుకుంటాడు. మూతిని చింతపులుసులో నానబెడతాడు, లోపలి తోలుబిళ్లకు ఆముదం పట్టిస్తాడు. దేవుడి గిన్నెలు కూడా ఇంతగా తోమరని భార్య రాజమణి నవ్వుతుంది.

అసలు గొడవంతా కుంచెతో. అది నేతగాళ్ల కుంచె, పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, వీధిలో బారుగా సాగదీసి గంజి పెట్టేది. తండ్రి పోయాక మగ్గం కూడు పెట్టలేదు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు సిద్దిరాములు కారు కడిగే పనిలో చేరాడు. మొదటిరోజే, మెత్తగా ఉంటుంది కదా అని ఈ మహానుభావుడు తండ్రి కుంచెనే పట్టుకుపోయాడు. కుచ్చుల్లో ఎండిన గంజి తడికి కరిగి, నల్లకారు నిండా తెల్లటి చారలు! కారుకు గంజి పెట్టావా అని వకీలు సాబు పడీపడీ నవ్వాడట. వాడకట్టంతా నవ్వింది. తల్లి ఆండాళు నవ్వలేదు. పెనిమిటి కుంచెతో ఎవరి బండో తోముతాడా అని ఆ రోజే కొడుకుతో మాట మానేసింది. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కొడుకు ఎదురుగా ఉన్నా, ఏం కావాలన్నా కోడలితోనే చెప్పిస్తుంది.

ఇప్పుడు మంచం పట్టింది. గంజినీళ్లు తప్ప గొంతు దిగడం లేదు. పోయేలోగా ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలని సిద్దిరాములు ప్రాణం కొట్టుకుంటోంది. అడగడానికి నోరు రాదు. అరుగు మీద ఆమె మంచానికి ఎదురుగానే కూర్చుని కుంచె కడిగి, ఆముదం అద్ది, తండ్రి నేర్పినట్టే కుచ్చుకుచ్చుగా దువ్వాడు. తల్లి చూపు తన చేతుల మీదే ఉందని అతనికి తెలుసు.

పొద్దు వాలుతుండగా పంపు బిగించి, వాకిట్లో పిడి ఆడించాడు. ముందు దగ్గింది, ఉమ్మింది. ఆ తర్వాత, ఏం చెప్పను! సన్నటి నీటిపోగులు వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు విచ్చుకున్నాయి. ఒక్క పోగు తెగలేదు, ఒకదానితో ఒకటి చిక్కుపడలేదు. ఎండ వాటిలోంచి దూరి సింగిడి ఏడు రంగులూ అద్దింది. ఇన్నేళ్లుగా రోజూ చూసేవాడే, అయినా సిద్దిరాములు పిడి ఆడిస్తూ కళ్లప్పగించి చూశాడు.

వెనక నుంచి ఆండాళు గొంతు వినిపించింది.

"సిద్దిరాములూ... నీళ్లతోని పడుగు వోసినవు గదరా."

అతని చేతులు ఆగిపోయాయి. నీళ్లూ ఆగిపోయాయి. ఆండాళు మోచేతి మీద లేచి, నోరు తెరుచుకుని చూస్తోంది.

"మీ నాయిన సూడలే గిసొంటిది. ఇంకోపారి వొయ్యి బిడ్డా."

బకెట్ అడుగంటింది. "జర ఆగమ్మా, తెస్త" అని కడవ ఎత్తుకుని బావికి పరుగెత్తాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో దారిలో ఎదురైనవాళ్లకు తెలియలేదు. చేదబొక్కెన వేసి గబగబా కడవ నింపాడు.

వచ్చేసరికి ఆండాళు గోడకు ఒరిగి ఉంది. కళ్లు తడి వాకిలి మీదే ఉన్నాయి. కడవ దించి పిలిచాడు, పలకలేదు. రాజమణి వచ్చి చెయ్యి పట్టి చూసి, మెల్లగా రెప్పలు మూసింది.

చీకటి పడకముందే ఇంటినిండా జనం చేరారు. వచ్చేపోయేవాళ్లు పక్కకు తప్పుకుని నడుస్తుంటే, వాకిట్లో దించినచోటే ఉంది నిండు కడవ.