మేడ మీది గదిలో బేరం

కోరుట్లలో దుకాణం తెరిచిన రోజు నా చేతిలో ఉన్నవి మూడు: మేడ మీద ఒక గది ఉన్న అద్దె మడిగె, సిరిసిల్ల నుంచి అరువుకు తెచ్చిన లంగా గుడ్డ, బేరంలో ఓడిపోననే నమ్మకం. పోయిన ఎండాకాలం చెల్లెలు వసంత మొగుడిని వెంటబెట్టుకొని వచ్చేనాటికి మడిగె సొంతమైంది, సరుకు పెరిగింది. నమ్మకం చెక్కుచెదరలేదు.

"మనోహరన్నా, నాతోని అయితలేదు. నీ దగ్గర పెట్టుకొని అన్నీ బందు చేపియ్యి. లేకుంటే మనిషి దక్కడు," అని ఏడ్చి, పిల్లలు ఒంటరిగా ఉన్నారని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

సాయినాథ్ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. రాత్రి పాళీ. మేడ మీద కూర్చోబెట్టి అడిగాను.

"ఏమేం తీసుకుంటవ్?"

"దుకాణంల స్టాకు అడిగినట్టే అడుగుతున్నవ్ గద బావా!" నవ్వాడు. "రాత్రి నిద్ర రావద్దని గుట్కా. పొద్దున నిద్ర రావాలెనని కల్లు. ఇంటికొచ్చినా సాంచాల మోత చెవులల్లనే ఉంటది, రేకుల కింద పట్టపగలు ఎట్ల పండాలె? కూలి ఇచ్చిన నాడు దోస్తులు మందుకు పిలుస్తరు. పోకుంటే పెండ్లానికి భయపడ్డడని ఎక్కిరిస్తరు. బీడీ ఉత్తగనే."

"ఒక్కటి మానరాదు?"

"ఒకటి మానితే ఇంకోటి ఎక్కువైతది. చూసిన." తనే బేరం పెట్టాడు. "మందు ఇయ్యాల్టి నుంచే బందు. కల్లు మాత్రం మెల్లమెల్లగ తగ్గిస్త బావా."

ఎదుటివాడు దేన్ని దాచుకుంటున్నాడో దాన్నే లాగాలి. వ్యాపారంలో నేను నేర్చింది అది. పైగా కల్లు చెట్టు నుంచి దిగేది, ఆపితే నష్టమేముంటుంది? కల్లు, మందు ఆ పూటే బందు, గుట్కా, బీడీ తర్వాత చూద్దామన్నాను. తలుపుకు తాళం వేశాను. బేరం గెలిచాననుకున్నాను.

మర్నాటికి చేతులు వణికాయి. అన్నం ముట్టలేదు. "రెండ్రోజులు ఓర్చుకో," అన్నాను. ఆ మరునాడు కళ్ళముందే ఉంటాడని కిందికి తెచ్చి గుడ్డ మూట మీద కూర్చోబెట్టాను. ఒకామె జాకెట్టు గుడ్డలు చూస్తోంది. సాయినాథ్ గాలిలోకి చేతులు చాచాడు. వేళ్ళ కొసలతో కనబడనిదేదో పట్టి, మెలితిప్పి, ముడి వేసి, కొస తుంచాడు. మళ్ళీ ఇంకొకటి.

"ఏం చేస్తున్నవ్?"

"పోగులు తెగుతున్నయ్ బావా. ఆసామి చూస్తే కూలి కోస్తడు. జర సాంచా ఆపు!"

జాకెట్టు గుడ్డలామె నవ్వింది. పరాచికమనుకొని నేనూ నవ్వాను. అతని వేళ్ళు మాత్రం ఆగలేదు. ముఖమంతా చెమట. ఉన్నట్టుండి మూట మీంచి జారి కిందపడి గిలగిల కొట్టుకున్నాడు.

పక్కన మిర్చీలు వేసే నర్సవ్వ కల్లు సీసా పట్టుకొని ఉరికొచ్చింది.

"కల్లు బందు చేసినవా? అయ్యో, దాంట్ల నిద్రమత్తు పౌడర్ కలుపుతరు, గది కూడ తెల్వదా సేటూ? రెండు గుక్కలు పొయ్యి, లేసి కూసుంటడు!"

సీసా నా చేతికి వచ్చింది. పోస్తే లేస్తాడేమో, లేచి మళ్ళీ మొదటికే వస్తాడు. పోయకపోతే చెల్లెలికి ఏ ముఖం చూపించాలి? దవడలు చూశాను, బిగుసుకొని ఉన్నాయి. పోసింది ఊపిరికి అడ్డం పడుతుంది. సీసా పక్కన పెట్టి ఆటో పిలిచాను. జగిత్యాల ఆసుపత్రికి వెళ్ళే దారిలో మరోసారి కొట్టుకున్నాడు. తల పక్కకు తిప్పి పట్టుకొని కూర్చున్నాను.

"ఏమేం అలవాట్లున్నయ్?" అని అడిగింది డాక్టరమ్మ.

చుట్టూ జనం. "కల్లొక్కటే మేడం," అన్నాను.

"పరువు కావాల్నా, మనిషి కావాల్నా?"

అన్నీ చెప్పాను, ఏది ఏ పూట, ఎందుకో, నేను తాళం వేసిన సంగతి కూడా. ఆమె కసిరింది. "గిట్ల తాళమేసి ఒక్కసారే ఆపుతరా? పానం పోతుండె. మందులిచ్చుకుంట మెల్లగ దించాలె."

అతను మొదటే చెప్పిన మాట. అది సరైన ధర, నేనే గీచి గీచి చెడగొట్టాను.

సాయంత్రానికి వసంత వచ్చింది. మంచం మీది మనిషిని చూసి నా వైపు తిరిగింది. "నీకు అప్పజెప్తే సంపేటట్టు చేసినవ్ గద అన్నా!"

అతనికి తెలివి వచ్చాక సిరిసిల్ల వెళ్ళాను. మందులు కల్లును దించుతాయి కానీ పాళీని మార్చవు. సాయినాథ్ పనిచేసే సాంచాల ఆసామి ప్రేమ్‌సాగర్‌ను పగటి పాళీ అడిగాను.

"దానికి శానామంది కాసుకొని ఉన్నరు సేటూ."

"గీ సీజన్ నీ గుడ్డంతా నేనే కొంట. నువ్వు చెప్పిన రేటుకే."

"తగ్గియ్యమనవా?"

"అనను."

"పానం మంచిగ లేదా ఏంది?" అని నవ్వి ఒప్పుకున్నాడు.

ఇక ఇప్పటి లెక్క. ఆ సీజన్ గుడ్డలో నాకు మిగిలింది సున్నా. చెల్లెలు నాతో ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతుంది. సాయినాథ్ దసరాకు ఒకసారి మందు తాగాడు. గుట్కా పోలేదు, పెదవి కింద ఉబ్బు కనిపిస్తూనే ఉంది. కల్లు మాత్రం మళ్ళీ ముట్టలేదు, జగిత్యాలలో ఇచ్చే గోళీలు కూడా ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. రాత్రి తొమ్మిదికే పడుకుంటున్నాడట. ఆ గురకకు పిల్లలకు నిద్ర లేదని మొన్న ఫోన్‌లో వసంత తిట్టింది.