పన్నెండో సీటు

మా పిన్నికి ఎవరేం చెప్పినా తిరిగి అప్పజెప్పే అలవాటు. "అర కిలో ఉప్పు తీసుకురా" అంటే చాలు, "అర కిలో ఉప్పు. అంతేనా?" అంటుంది. అవతలివాళ్లు "అంతే" అన్నాకే చెప్పుల్లో కాళ్లు పెడుతుంది. "మనింట్లో చిలకను పెంచే ఖర్చు లేదు" అనేవాడు బాబాయి. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. ఒకరి లైను ఇంకొకరికి కలిపితే సూపర్వైజరు దులిపేసేదట. అందుకని విన్న నంబరు పైకి చెప్పి, అవునన్నాకే తీగ గుచ్చేవాళ్లు.

ఆ మనిషి డెబ్బై ఒకటో ఏట ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానంది. వద్దంటే వినే రకం కాదు. ఇరవై ఏళ్లుగా నా పని అదే కాబట్టి గురుత్వం చచ్చినట్టు నా నెత్తిన పడింది.

ఓ శనివారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్. "వెంటనే రా. నా సర్వరు మొండికేసింది."

వెళ్లేసరికి భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, పాత ఫొటోల డబ్బా, తుడిచి బోర్లించిన కాఫీ కప్పులు ఉన్నాయి. ఎక్స్చేంజిలో పద్నాలుగు సీట్లు. అక్కడి ఆడవాళ్లు ఒకరినొకరు పేర్లతో కాక సీటు నంబర్లతోనే పిలుచుకునేవాళ్లు. మా పిన్ని 'ఏడు'. వాళ్లలో ఆరుగురు నాలుగింటికి వస్తున్నారు. ఇంటి వైఫైలో ఎవరి ఫోన్లో వాళ్లు ఒక అడ్రసు కొట్టి, చివర ప్రశ్నార్థకం పెట్టి, సీటు నంబరు రాస్తే, అప్పటి వాళ్ల ఫొటో, కింద పిన్ని రాసిన నాలుగు ముక్కలు కనబడాలి. ఇలా జవాబిచ్చే సర్వరే ఆవిడ రాసిన ప్రోగ్రాము.

"ఏ నంబరు కొట్టినా 'ఈ సీటులో ఎవరూ లేరు' అంటోందే."

"జరుగు, రెండు నిమిషాల్లో బాగుచేసి ఇస్తా."

అరచెయ్యి కీబోర్డు మీద అడ్డం పెట్టింది. "నువ్వు ముట్టుకోకు. నోటితో చెప్పు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎండనపడి ఊరి ఆ చివర నుంచి వస్తే ఇదా మర్యాద? "నాలుగింటికి జనం వస్తుంటే ఇప్పుడు పాఠాలేంటి పిన్నీ?"

"పన్నెండు కూడా వస్తోందే" అంది మెల్లగా.

నా కోపం అక్కడికక్కడే చల్లారింది. పన్నెండంటే పిన్ని ప్రాణస్నేహితురాలు. వెనక వరసలో వీపు వీపు ఆనేంత దగ్గరగా కూర్చునేది. రెండేళ్లుగా ఆవిడకు మతిమరుపు జబ్బు. పోయిన నెల పిన్ని చూడ్డానికి వెళ్తే "ఎవరు కావాలండీ?" అందట. సొంత పేరు అడిగినా దిక్కులు చూస్తుందట. కానీ సీటు ఎంతంటే మాత్రం ఠక్కున 'పన్నెండు' అంటుందని కూతురు చెప్పింది.

"అందుకే పేరుతో కాకుండా నంబరుతో పెట్టాను. దానికి మిగిలింది అదొక్కటే. నా చేత్తో చేసినది చూసి, ఒక్కసారి నన్ను గుర్తుపడితే చాలు నాకు."

తప్పు నాకు తొలిచూపులోనే కనబడింది. చెప్పకుండా ఉండడానికి నాలుక కరుచుకోవాల్సి వచ్చింది. "నువ్వు కొట్టిన నంబరు సర్వరుకు ఎలా వినబడిందో నీకు తెలుసా?"

"పన్నెండు కొడితే పన్నెండే వినబడుతుంది."

"ఎక్స్చేంజిలోనూ అలాగే అనుకునేదానివా?"

పిన్ని ఒక క్షణం నన్ను చూసి, నుదురు కొట్టుకుంది. "అయ్యో, తిరిగి చెప్పించలేదు కదే!"

ఒంటివేలితో ఒక లైను చేర్చింది, విన్నదేదో విన్నట్టు చూపించమని. తెర మీది నల్ల కిటికీలో జవాబు వచ్చింది. అటూ ఇటూ బ్రాకెట్లు, వాటి లోపల కొటేషన్ గుర్తులు, వాటి లోపల 12.

"ఒక్క నంబరుకి ఇన్ని తొడుగులేంటే?"

"ఒకే అడ్రసులో సీటు రెండుసార్లు రాయొచ్చు కదా, అందుకని జాబితా కట్టి ఇస్తుంది. ఇక అడ్రసులో వచ్చేదేదైనా దానికి అక్షరాలే, అంకె కాదు."

"నా పట్టికలో ఉన్నవి ఉత్త అంకెలు."

"అదీ సంగతి, ఆ రెండూ దానికి ఒకటి కావు. ఇంతసేపూ చెవిటివాడి ముందు శంఖం ఊదావు."

"దాన్ని చెవిటిదంటావేం పాపం? అది విన్నది. నేనే అడగలేదు."

జాబితాలో మొదటిది తీసుకుని అంకెగా మార్చమని రాసింది. పన్నెండో సీటు తెరుచుకుంది. రెండు జడలు, చెవికి హెడ్‌ఫోను, ఫొటో తీస్తున్నవాళ్లని కసిరినట్టు చూసే పిల్ల. కింద పిన్ని రాత: 'డ్యూటీ దిగే ముందు దొంగతనంగా బేకరీకి ఫోన్ చేసి బన్నులు చెప్పేవాళ్లం.'

రెండు నిమిషాల పనికి యాభై నిమిషాలు పట్టింది. అయినా నాకు విసుగు రాలేదు. ఏడేళ్లప్పుడు సెలవుల్లో పిన్ని నన్ను ఆ హాలుకు తీసుకెళ్లింది. వేడెక్కిన దుమ్ము వాసన, ఒకదాని మీదుగా ఒకటి సాగే తీగలు, పద్నాలుగు గొంతులు నంబర్లు తిరిగి చెప్పడం, అన్నీ గుర్తొచ్చాయి. ఏ ప్రోగ్రామైనా మొండికేస్తే ముందు దానికేం వినబడిందో చూడమని ఆఫీసులో కొత్తవాళ్లకి నా సొంత తెలివిలా చెప్పేదాన్ని. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆ రోజే తెలిసింది. ఆ హాలు మీద బెంగ పుట్టింది.

నాలుగింటికి ఇల్లు సంతలా అయింది. "ఏమే తొమ్మిదీ, ఇంత లావయ్యావేంటే?" "నీ కళ్లజోడు మార్చు, నేను మూడుని!" ఎవరి ఫోన్లో వాళ్ల పడుచుదనం చూసుకుని మురిసిపోయారు. చివరికి పన్నెండు వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని. కూతురు తన ఫోన్లో పన్నెండు కొట్టింది. పేజీ తడుముకోకుండా తెరుచుకుంది.

ఆవిడ చాలాసేపు చూసింది. "ముద్దుగా ఉంది. ఎవరి పిల్ల?" అంది.

ప్రోగ్రాములో ఏ తప్పూ లేదు, అయినా పని జరగలేదు. పిన్ని మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

కుర్చీ జరిగిన చప్పుడైంది. పిన్ని తన కుర్చీని ఆవిడ కుర్చీకి వీపు ఆనించి వేసుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. నేను ముప్పై ఏళ్లుగా వినని గొంతుతో అడిగింది.

"నలభై రెండు, పదిహేడు ఇవ్వండి."

పన్నెండు చెయ్యి చెవి దగ్గరకు లేచింది. "నలభై రెండు, పదిహేడు. అంతేనా?"

"అంతే."

"లైన్లో ఉండండి." ఆ చెయ్యే కిందకు దిగి గాలిలో తీగ గుచ్చింది. గుచ్చినది గుచ్చినట్టే ఆగిపోయి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

"మళ్లీ బేకరీకా ఏడూ? సూపర్వైజరు చూసిందంటే ఇద్దరి వీపులూ విమానం మోతే. సరే, నాకు రెండు బన్నులు చెప్పు."

జీవితమంతా విన్న ప్రతి మాటా తిరిగి చెప్పిన మా పిన్నికి ఆ ఒక్కసారీ గొంతు పెగల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పమన్నట్టు నా వైపు చూసింది.

"రెండు బన్నులు. అంతేనా?" అన్నాను.

"అంతే" అంది పన్నెండు.

నేను చెప్పులేసుకుని బేకరీకి బయల్దేరాను.