విట్స్కె వంతు

ఎదురుగాలిలో సైకిలు తొక్కేటప్పుడు నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లండ్ మనుషులు పాటించే మర్యాద ఒకటుంది. ముందున్నవాళ్లు గాలినంతా తమ మీద వేసుకుంటారు. వెనకవాళ్లు వాళ్ల చక్రానికి జానెడు దూరంలో, ఆ చాటునే వస్తారు. కాసేపటికి వంతు మారాలి. ముక్కూ మొహం తెలియనివాడు వెనక చేరినా సరే, వాడికీ వంతు ఇవ్వాలి. డౌవినా పుట్టి బుద్ధెరిగాక ఈ మర్యాద తప్పింది లేదు. ఆ రోజు మాత్రం పొద్దుటి నుంచీ తప్పుతూనే ఉంది.

విట్స్కె గుండె గురించిన భయమే అందుకు కారణం. ఇద్దరిదీ బడినాటి స్నేహం. ఏటా వసంతంలో అక్కడి పెద్ద సరస్సు చుట్టూ నాలుగు రోజులు సైకిళ్ల మీద తిరిగొస్తారు. పోయిన ఆకురాలు కాలంలో విట్స్కెకి గుండెపోటు వచ్చి, ఆపరేషన్ అయింది. ఈ ఏడు మానుకుందామని డౌవినా అంటే వినలేదు. డాక్టరు సరేనన్నాడట. విట్స్కె మొగుడు హెస్సెల్ మాత్రం బయల్దేరేముందు డౌవినాను పక్కకు పిలిచి, దాన్ని నీ చేతుల్లో పెడుతున్నాను అన్నాడు. పాపం, ఏదో ఆదుర్దాలో అన్న మాటే. కానీ సామాను సంచులన్నిటికంటే అదే బరువైంది.

ఆ రోజు దాటాల్సింది సముద్రానికీ సరస్సుకీ మధ్య ఉన్న కట్ట, ముప్ఫై కిలోమీటర్లు. దాని మీద చెట్టూ లేదు, ఇల్లూ లేదు. సాయంత్రానికి వస్తుందన్న తుఫాను మధ్యాహ్నానికే మీద పడింది. సగం దారిలో ఉన్న పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు డౌవినా మళ్లీ చెప్పి చూసింది. వెనక్కి తిరిగితే గాలే మనల్ని ఇంటిదాకా తోసుకుపోతుంది కదా అంది. తోసుకుపోయి సోఫాలో పడేస్తుంది, అక్కడ హెస్సెల్ దుప్పటి పట్టుకుని కాచుకుని ఉంటాడు, అంది విట్స్కె. అని తనే ముందుకు పోబోయింది. డౌవినా గబగబా తొక్కి ఆమెను దాటేసింది.

ఆ తర్వాత వాన అడ్డంగా కొట్టడం మొదలైంది. చెవుల్లో గాలి హోరు తప్ప మరేమీ వినిపించడం లేదు. త్వరగా కట్ట దాటించేస్తే చాలనుకుంటూ డౌవినా తల వంచుకుని తొక్కింది. ఒకచోట ఏదో చెబుదామని వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు.

కనుచూపు మేర తడిసిన దారి, అంతే. ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎప్పటి నుంచి లేదో కూడా తెలియదు. తను ఒంటరిగా ఎంత దూరం వచ్చిందో! సైకిలు తిప్పితే గాలి వీపున తన్నినట్టు తోసింది. తొక్కకుండానే దూసుకుపోతోంది. ప్రతి నల్లటి మచ్చా పడిపోయిన మనిషిలా కనిపించింది. హెస్సెల్‌కి ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా వెతుక్కుంది. ఆ పాడు ఆలోచన వచ్చినందుకు తనను తాను తిట్టుకుంది.

దారి పక్క సైకిలు పడి ఉంది. కట్ట వాలులో, గొర్రెల పక్కన, విట్స్కె కూర్చుని రై పిండి రొట్టె, చీజు తింటోంది.

డౌవినాకి ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. "చచ్చావనుకున్నానే. గుండె నొప్పా?"

"నొప్పేం లేదు. ఆయాసం. నీ చక్రం అందుకోలేకపోయాను."

"మరి పిలవొచ్చుగా?"

"పిలిచాను. ఒకసారి." విట్స్కె నోట్లోది మింగి, నెమ్మదిగా అంది. "తర్వాత మానేశాను. ఆర్నెల్ల నుంచి నా మీద కన్ను పడని క్షణం లేదు డౌవినా. నిద్రపోతుంటే హెస్సెల్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడు. ఇందాక నువ్వు కనపడకుండా పోయావు చూడు, భయమేసింది. హాయిగానూ ఉంది."

నీకు హాయి, నాకు ప్రాణం పోయింది అంది డౌవినా.

"దారిన పోయేవాడికైనా వంతు ఇస్తావే. పొద్దుటి నుంచి నాకు ఒక్కటిచ్చావా? నేను అంత పనికిరాకుండా పోయానా?"

గొంతు హెచ్చించకుండానే అడిగింది. డౌవినాకి అది చెంపదెబ్బలా తగిలింది. బలం ఉన్నది తనకు కదా అనుకుంది, ప్రేమతోనే కదా అనుకుంది. రెండూ నిజమే. సైకిలు లేపి ఆమె చేతికిచ్చి, పద, ముందు నువ్వే అంది.

విట్స్కె గాలికి ఎదురెళ్లింది. ఆ చాటున డౌవినాకి ఒక్కసారిగా హోరు తగ్గింది, ముందున్న మనిషి ఊపిరి వినపడసాగింది. బరువుగా, బొంగురుగా, ఆగి ఆగి వస్తోంది. ఆగినప్పుడల్లా డౌవినా చేతులు హ్యాండిల్ మీద బిగుసుకున్నాయి. పక్కకు తిప్పి నాలుగు తొక్కులు తొక్కితే దాటేయగలదు. విట్స్కె వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, మనిషి నడకంత అయింది. వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు.

డౌవినా కళ్లు తుడుచుకుని, ఆ నడకకే తన సైకిలు అదుపు చేసుకుంటూ, వెనకే ఉండిపోయింది.