బరువు మరిచిన కారు

తెల్లవారి కోళ్లకు నూకలు చల్లాక సారమ్మ కారు షెడ్డుకు పోయేది. కారు తోట యజమాని లక్ష్మీకుమారిది. మొయినాబాద్‌లో ఉండే ఆమె ఆఫీసు పని మీద పుణె వెళ్తూ, ఆలూరు పక్కనున్న తోటలో కారు ఉంచి, కాపలా ఉన్న సారమ్మకు అప్పగించింది. లోపల తుప్పు పట్టకుండా ట్యాంకు నిండా పెట్రోలు పోయించింది. బ్యాటరీ తీగ విప్పించింది. సైలెన్సర్‌లో ఎలుకలు దూరకుండా గుడ్డ కుక్కమంది. టైర్లు ఒక్కచోటే నొక్కుకుపోకుండా అప్పుడప్పుడు కాస్త ముందుకు నెట్టమంది.

"రోజూ కాసేపు అందులో కూర్చో సారమ్మా. అది మాత్రం మర్చిపోకు," అంది.

రోడ్డెక్కని బండి తేలికైపోతుందని, మనిషి కూర్చోకపోతే నేల విడుస్తుందని ఆ చుట్టుపక్కల ఎవరికి తెలియదు? ముడిమ్యాలలో ఒకరి ట్రాక్టరు వేపకొమ్మల్లో చిక్కుకుంటే మోకులేసి దించుకున్నారు.

అంతలో సారమ్మ భర్త శాంతయ్యకు షుగరు ముదిరి కాలు తీసేశారు. ఆమె చాన్నాళ్లు దవాఖానలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక శాంతయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక సేద్యం తనవల్ల కాదని, తమ చేనును ప్లాట్లు చేసేవాళ్లకు ఇచ్చేస్తానని మాటిచ్చాడు. వాళ్లు సంతకానికి వచ్చే రోజు పొద్దున సారమ్మ షెడ్డులోకి పోతే, కారు గాల్లోకి లేచి షెడ్డు పైకప్పు రేకులకు ఆనుకుని ఉంది.

బంపరు పట్టి లాగితే చాటంత తేలిగ్గా దిగింది. కానీ తానొక్కతే ఎక్కితే నిలవలేదు. తాడు కట్టి తమ ఇంటి వాకిట్లోకి లాక్కొచ్చి, గుంజకు కట్టేసి, భర్తను లేపింది.

"జర లేవయ్యా. ఇద్దరం కూసుంటే ఆగుతదేమో."

పరుల సొమ్ము కదా, శాంతయ్య కాదనలేక ఆమె భుజం పట్టుకుని వచ్చి ఎక్కాడు. తలుపు వేయగానే తాడు ముడి జారింది. చప్పుడు లేకుండా కారు వేపచెట్టును దాటి పైకి లేచింది.

దూరంగా గండిపేట నీళ్లు మెరుస్తున్నాయి. చేవెళ్ల రోడ్డుకు రెండు వైపులా నేలంతా తెల్లరాళ్లు పాతిన ప్లాట్లే. వాటి నడుమ ఒక్క ముక్క మాత్రం పసుపుపచ్చగా వెలుగుతోంది. కోసేవాళ్లు లేక బంతిపూలన్నీ చేను మీదే ఉండిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ మట్టిలోనే తిరిగిన శాంతయ్య దాన్ని ఒక్కచూపులో నిండుగా చూడడం అదే మొదలు. అరచేయి అద్దానికి ఆనించాడు.

"సారమ్మా, గిది మనదేనా?"

"మనదే."

"ఇంటికాడ కాదు. చేన్లనే దించు."

ఇద్దరూ కాసేపు కూర్చునేసరికి కారుకు బరువు తిరిగొచ్చి మెల్లగా దిగుతోంది. సారమ్మ స్టీరింగ్ తిప్పితే, పసుపు వైపు మళ్లి గట్టు మీద నిలిచింది. శాంతయ్య కిందికి జారి సాళ్ల మధ్య చతికిలబడి, చేతికందిన పువ్వునల్లా తెంపడం మొదలుపెట్టాడు. సారమ్మ కొంగు పట్టింది.

ఇంటి దగ్గర ఎదురుచూసి విసిగిన ప్లాట్లవాళ్లు మధ్యాహ్నం ఫోను చేశారు.

"పూలు కోస్తున్న," అన్నాడు శాంతయ్య. "ఇగ మీరు రావొద్దు."