లేని గేటు ముందు వరుస

తెల్లవారుతూనే మసీదు మైకులో చెప్పారు, సైన్యం వెళ్ళిపోయిందని. ఇక్కడి నేల ఆక్రమించి ఎర్రపెంకుల ఇళ్ళు కట్టుకున్న సెటిలర్లను వాళ్ళ ప్రభుత్వమే కిందటి నెలలో బస్సులెక్కించి తీసుకుపోయింది. ఇప్పుడు ట్యాంకులూ పోయాయి. ఖాన్ యూనిస్ శరణార్థుల శిబిరం శిబిరమంతా సముద్రం వైపు పరుగెత్తింది. హనాదీ మాత్రం గుమ్మం దాటలేదు.

ఆమె పుట్టిల్లు ఇసుకదిబ్బల అవతల, మవాసీ జామతోటల్లో. గాలి ఇటు మళ్ళితే సముద్రం వాసన వంటింట్లోకి వచ్చేంత దగ్గర. కానీ మధ్యలో సైనికుల గేటు. శిబిరానికి కోడలిగా వచ్చాక గుర్తింపు కార్డు మీద శిబిరం పేరు పడింది. మరిక అటు పోనివ్వలేదు. కూతురు లమాకి నడకొచ్చినా, అమ్మమ్మ ఫోనులో దాని ఏడుపు వినడమే గానీ మొహం ఎరగదు.

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడే?" అత్త ఉమ్ నాహిద్ అప్పటికే చెప్పులు వేసుకుంది.

"సాయంత్రానికి సైనికులు మళ్ళీ వచ్చేస్తే, అత్తమ్మా? పిల్లతో అటు చిక్కుకుపోతే? దారిలో ఏదైనా పేలితే?"

"పెళ్ళినాడూ ఇంతే. కరెంటు పోతుందేమోనని ఏడ్చావు."

"పోయింది కదా!"

"పోతే? మావాడు చీకట్లో తప్పిపోయాడా? పద పద."

హనాదీ సంచిలో పాలపొడి, జ్వరం మందు, పిల్లకో జత బట్టలు, ఎందుకైనా మంచిదని మరో జత కుక్కింది.

కుర్రకారంతా తెగిన కంచెల్లోంచి దూరిపోయారు. పాత గేటు దారిన నడిచింది ముసలివాళ్ళూ పిల్లల తల్లులే. గేటైతే లేదు, విరిగిన సిమెంటు దిమ్మలూ, ఇక్కడ ఆగాలని నేలమీద గీసిన పచ్చగీతా మిగిలాయి. ఆ గీత దగ్గరికి రాగానే ఉమ్ నాహిద్ టక్కున ఆగింది. అలవాటుగా కార్డు తీసి చేత పట్టుకుని, తన చేతిసంచి నేలమీద పెట్టి తనిఖీకన్నట్టు తెరిచింది. వెనకవాళ్ళూ ఆగారు. చూస్తుండగానే వరుస కట్టేశారు.

"ఏమైందట?"

"ఆపారట."

"ఎవరు?"

"ఏమో, ముందున్నావిడ నిలబడింది."

"తోసుకోకండయ్యా, కోపమొస్తే మూసేస్తారు!"

హనాదీ, నేను చెప్పనే చెప్పాను అనుకుంటూ పిల్లను రొమ్ముకు అదుముకుని కాపలా బురుజు వైపు చూసింది. తుపాకీ కన్నంలో పిచ్చుక ఒకటి తోక ఆడిస్తోంది. అంతే.

అటు చూస్తే ఎదురుగా ఇంకో వరుస. దాని మొదట్లో, తెల్ల ముసుగులో, చంకలో గిన్నె, చేతిలో కార్డు... అమ్మ!

"అమ్మా! రావేం?"

"ఇంకా పిలవలేదే!" అరిచింది రస్మియా. "పొద్దుట్నించీ నుంచున్నాం, ఒక్కడూ పిలవడే!"

హనాదీకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పిలుపు లేనిదే అమ్మ అడుగు వేయదు. గేటు దగ్గర సైనికుల మైకు గొంతు హనాదీకి కంఠతా వచ్చు. గొంతు బొంగురు చేసి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది: "ఏయ్, తెల్ల ముసుగు! గిన్నె పైకెత్తు! ఒక్కదానివే రా!"

రస్మియా ఠక్కున గిన్నె నెత్తిమీదకెత్తి నాలుగడుగులు వేసింది. అప్పుడు గుర్తుపట్టింది కూతురి గొంతు. "నీ నోరు పడ! నన్నే బెదిరిస్తావే?" అంటూ పరుగున వచ్చి పడింది. రెండు వరుసలూ నవ్వుల్లో కలిసిపోయాయి.

గిన్నెలో తీపి గోధుమలు. పిల్లకి తొలిపన్ను వచ్చినప్పుడు అమ్మమ్మ వండిపెట్టేవి.

"నోటినిండా పళ్ళున్నాయమ్మా దీనికి."

"ఉంటే ఉండనీ. నాకు కనపడింది ఇవాళేగా." చిటికెడు తీసి నోట్లో పెట్టబోతే లమా వేలు కొరికేసింది. రస్మియా అబ్బా అంటూనే ఆ వేలు తీయలేదు.

కాసేపటికి బెరుగ్గా వియ్యపురాలిని అడిగింది: "ఎన్నింటికి తిరిగిపోవాలో, వదినా?"

ఉమ్ నాహిద్ కార్డు లోపల దోపుకుంటూ కోడలివైపు గడ్డంతో చూపించింది. "దాన్నడుగు. ఇవాళ గేటు అదేగా!"

హనాదీ సంచిలోంచి రెండో జత బట్టలు బయటికి తీసింది.

"రేపు," అంది.