కళ్లజోడు రామచిలుక

మిరపకాయ తొడిమ తీసేటప్పుడు గోరు వాడకూడదు. బొటనవేలితో వంచితే చాలు, టిక్కుమని ఊడివస్తుంది. గోరు తగిలితే కాయ చిట్లి, ఘాటు గోటి సందులోకి దిగి ఒక పట్టాన వదలదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నేనూ, మా అత్తగారు పిచ్చమ్మగారూ, కూలికి వచ్చిన రసూల్‌బీ ముందుగదిలో కుప్ప చుట్టూ కూర్చుని అదే పని. ఎర్రకాయ ఒక పక్క, తెల్లబారిపోయిన తాలుకాయ ఇంకో పక్క. దగ్గులూ తుమ్ములూ తప్ప మాటల్లేవు.

"జ్యోతీ! ఆ రామచిలుక పేజీ ఆరిందా?" పెరట్లో గడ్డం గీసుకుంటూ మా ఆయన కేకేశారు.

"ఆరిందండీ. పుస్తకంలో కుట్టేసి మీ సంచిలో వేశాను."

"కళ్లజోడు పెట్టావా దానికి?"

"పెట్టాను."

రసూల్‌బీ నా వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "రామచిలక్కి కళ్లజోడేంటి జ్యోతమ్మా? జామపళ్లు కనపడట్లేదా దానికి?"

"అది మాస్టారంట," అన్నాను మెల్లగా.

మా ఆయన వీరాంజనేయులు మా ఊరి బళ్లోనే టీచరు. ఆ ఏడాది ప్రతి బడీ పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు తయారుచేసి మండలం మేళాలో పెట్టాలని పైనుంచి చెప్పారు. ఆయనకి గీత గీయడం రాదు. నాకు వచ్చు. పదో తరగతి దాకా మా పుట్టింటి ఊరి బళ్లో చదివినప్పుడు సైన్సు బొమ్మలన్నీ క్లాసులో అందరికీ నేనే గీసిపెట్టేదాన్ని. పెళ్లయ్యాక ఆయన బడి గోడల మీద వేలాడే బొమ్మల అట్టలన్నీ నేను గీసినవే. అన్నం వండాక, గిన్నెలు తోమాక, కల్లంలో కాయలు తిరగేసి వచ్చాక గీసినవి. వాటి కింద "తయారుచేసినవారు" అన్నచోట ఆయన పేరు కూడా నేనే రాసేదాన్ని, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. అందులో నాకు కష్టమేమీ అనిపించలేదు. ఇల్లు ఊడ్చి, "ఇది నేను ఊడ్చిన ఇల్లు" అని ఎవరు రాసుకుంటారు?

కానీ ఇప్పుడు రామచిలుక పేజీ చేరిన ఈ గోరింక పుస్తకం మేళా కోసం గీసింది కాదు. మా తేజశ్రీ కోసం గీసింది. తేజకి ఏడేళ్లు, రెండో తరగతి. నత్తి. మాట మొదట్లోనే ఆగిపోతుంది. ఆగినప్పుడు కళ్లు పెద్దవి చేసి, మెడ కొంచెం ముందుకి చాపి, బావిలోంచి చేద లాగుతున్నట్టు లాగుతుంది మాటని. ఓపిక పడితే వస్తుంది. ఓపిక పట్టేవాళ్లే లేరు. బళ్లో పిల్లలు తేజని "తే-తే-తే" అని పిలుస్తారని నాకు తెలుసు. అది ఎవరు మొదలెట్టారో మాత్రం చాలా రోజులు తెలియలేదు. రసూల్‌బీ కూతురు కూడా ఆ క్లాసే. "మాస్టారే అమ్మా," అని ఒకరోజు రసూల్‌బీ చెప్పింది. "పాఠం చదవమన్నాడంట. పిల్ల ఆగిపోతే, 'ఏంటి బండి స్టేషన్లోనే ఆగిపోయిందా, తే-తే-తే' అన్నాడంట. క్లాసంతా ఒకటే నవ్వంట. ఆయనే నవ్వితే పిల్లకాయలు ఊరుకుంటారా?"

ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగాను. "సరదాకి అన్నాలేవే," అన్నారాయన. "రోషం వస్తే మాటొస్తుందని. టీచరు కూతురు నత్తిదంటే నాకెంత నామోషీనో నీకేం తెలుసు?"

తర్వాత రోజుల్లో గోరింక పుస్తకం గీశాను. ఒక గోరింక పిల్లకి కూత మధ్యలో ఆగిపోతుంది. కాకులు దాన్ని వెక్కిరిస్తాయి, పిచ్చుకలు నవ్వుతాయి. ఒక ఉడత మాత్రం కొమ్మ మీదికి వచ్చి కాకులకి అడ్డంగా నిలబడి, దాని కూత దాన్ని కూయనివ్వండి అంటుంది. అందరూ ఆగుతారు. గోరింక తన కూత తను కూస్తుంది, ఆగి ఆగి. అంతే కథ. తేజ దాన్ని చాప మీద బోర్లా పడుకుని చూసేది. ఉడత ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఉండేది.

అది ఆయన కంట పడింది. బాగుందన్నారు. మేళాకి తీసుకెళతానన్నారు. "కానీ చివర బాలేదు. గోరింకకి నయం కావాలి కదా. లోపం లోపంగానే ఉండిపోతే ఇంక టీచరు చేసిందేంటి? ఒక పేజీ కలుపు. రామచిలుక మాస్టారు వస్తాడు, నాలుకకి వస రాస్తాడు, గోరింక గలగలా మాట్లాడుద్ది. అందరూ చప్పట్లు." కలిపాను. ఆయన అంతటితో ఆగలేదు. ఈ పుస్తకం చదవడం వల్లే తన కూతురికి నత్తి పోయిందని మండలంలో పెద్దసారుకి చెప్పేశారు. ఆ సారు ముచ్చటపడి, "అయితే మేళాకి పాపని తీసుకురండి, అందరి ముందూ రెండు మాటలు చెప్పిద్దాం," అన్నారట. ఆ మేళా ప్రత్తిపాడులో. ఇవాళే.

అప్పటినుంచీ ఇంట్లో ఒకటే సాధన. పొద్దున్నే మా అత్తగారు వసకొమ్ము తేనెలో అరగదీసి పిల్ల నాలుకకి రాయడం, ఆయన స్కేలు పట్టుకుని ఎదురుగా కుర్చీ వేసుకోవడం. బళ్లో పదిమంది ముందే ఆగిపోయే పిల్ల, మైకు ముందు ఊరు కాని ఊళ్లో, నత్తి పోయిందని నాన్న చెప్పాక ఆగిపోతే ఏమవుతుంది? ఆ నవ్వు తను ఎన్నేళ్లు మోయాలి? ఈ మాట ఆయనతో అనాలని రోజూ అనుకున్నాను. రోజూ ఏదో ఒకటి పొయ్యి మీద ఉండేది.

ఆయన స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. "తేజా, రా. చెప్పు."

తేజ కొత్త గౌనులో వచ్చి నిలబడింది. నేను తలదించుకుని తొడిమలు తీస్తున్నాను. బొటనవేలు వంగట్లేదు. గోరే వాడుతున్నాను.

"నా... నా... నా..."

"నా పేరు తేజశ్రీ! ఈ పుస్తకం మా నాన్నగారు తయారుచేశారు! ఎంతసేపే ఈ ముక్కకి?"

"నా పే... పే..."

"పే పే పే! బూరా ఊదుతున్నావా?" స్కేలు కుర్చీ చెయ్యి మీద టపామంది. "అమ్మా, ఇంకోసారి రాయి వస. బస్సు టైమవుతోంది."

"ఇందాకేగా రాసింది," అంటూనే మా అత్తగారు కుప్ప దగ్గర్నుంచి లేచారు. "తాలుకాయని ఎంత ఎండేస్తే ఎర్రనవుద్దిరా అంజీ? సరే, దా అమ్మా. నోరు తెరువు."

మా ఊళ్లో మిరపకాయల రోజుల్లో పసిబిడ్డ తల్లులు పాలిచ్చే ముందు మజ్జిగతో చేతులు కడుక్కుంటారు. అది ఎవరూ ఎవరికీ చెప్పరు. ముప్పై ఏళ్లుగా మిరప చేలో బతికిన మా అత్తగారికి తెలియక కాదు. కొడుకు గొంతులో తొందర అలాంటిది. చెయ్యి చీరకి తుడుచుకుని, ఆ వేలితోనే వస తీసి నాలుక మీద అదిమి రాశారు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత తేజ అరిచింది. ఆ అరుపులో నత్తి లేదు.

"అయ్యో నా చేతులు పడిపోను!" మా అత్తగారు చేతిని చూసుకుంటూ అక్కడే కూలబడ్డారు. రసూల్‌బీ లేచి వంటింట్లోకి పరిగెత్తి నెయ్యిగిన్నె తెచ్చింది. నేను ముట్టుకోబోయి, నా చేతులూ మిరప చేతులే అని గుర్తొచ్చి ఆగిపోయాను. నా బిడ్డ ఏడుస్తుంటే దాన్ని ముట్టుకోలేని చేతులు. మజ్జిగలో ముంచి, పీచుతో రుద్ది, మళ్లీ ముంచి, అప్పుడు ఎత్తుకున్నాను. నెయ్యి పెట్టాను. పంచదార పెట్టాను. పెదాలు ఉబ్బి ఎర్రగా అయ్యాయి.

ఆయన గడియారం చూసుకున్నారు. "మొహం కడుగు. దార్లో తగ్గిపోద్ది. అదీ మంచిదేలే, ఆ మంటకైనా మాట కదులుద్దేమో."

ఆ మాటకి మా అత్తగారు తలెత్తి కొడుకు వైపు చూశారు.

నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అట్టలు గీస్తున్నప్పుడు ఒక్కోసారి చెయ్యి వణకడం ఆగిపోయి, గీత తిన్నగా వెళుతుంది. అలా ఉంది లోపల. తేజని రసూల్‌బీ ఒళ్లో కూర్చోబెట్టి, గోడకి తగిలించిన ఆయన సంచిలోంచి పుస్తకం తీశాను.

"తేజ రాదండీ," అన్నాను.

"ఏంటి?"

"తేజ రాదు. ఈ పుస్తకం కూడా రాదు. ఇది దాని కోసం గీశాను."

"పిచ్చి పట్టిందా? పెద్దసారుకి ఏం చెప్పను?"

"నత్తి పోలేదని చెప్పండి."

"నా పరువు..."

"బళ్లో దాన్ని అందరూ ఏమని పిలుస్తున్నారో, అది ఎవరు నేర్పారో కూడా చెప్పండి. మీరు చెప్పలేకపోతే రేపు నేనొచ్చి క్లాసులో చెబుతాను. పిల్లలకి పాఠం మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఇంతసేపు ఆయన ముందు మాట్లాడటం పెళ్లయ్యాక అదే మొదలు. ఆయన స్కేలు పట్టుకునే ఉన్నారు. రసూల్‌బీ తేజ తల నిమురుతూ నేల చూస్తోంది, వినపడనట్టు. మా ఆయన తల్లి వైపు తిరిగారు, ఎప్పట్లాగే. "చూశావా అమ్మా, దీని నోరు?"

మా అత్తగారు ఘాటు పోయేలా అరచేతులకి బూడిద రుద్దుకుంటున్నారు. "బస్సు పోద్దిరా," అన్నారంతే.

నేను సూది తీసి పుస్తకం కుట్టు విప్పాను. కళ్లజోడు పెట్టుకున్న రామచిలుక పేజీ విడిగా వచ్చింది. దాన్ని చింపలేదు. మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టాను. "ఇది మీరు చెప్పి గీయించింది. మీదే."

ఆయన సంచి భుజానికి వేసుకుని గడప దాకా వెళ్లారు. అప్పుడు తేజ రసూల్‌బీ ఒళ్లోంచి దిగి వంటింట్లోకి వెళ్లి, ఆయన అన్నం క్యారేజీ రెండు చేతులతో మోసుకుంటూ వచ్చింది. ఉబ్బిన పెదాలతో మెడ చాపింది.

"నా... నా... నా..."

ఆయన నోరు తెరిచారు. నేను ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. మా అత్తగారూ చూస్తున్నారు. ఆయన నోరు మళ్లీ మూసుకుంది. వీధిలో బస్సు హారన్ వినపడింది. ఎవరూ కదల్లేదు.

"నాన్నా, అ... అ... అన్నం మ... మర్చిపోయావు."

ఆయన క్యారేజీ అందుకున్నారు. గడప దిగి వెళ్లిపోయారు.